కన్ను తెరిచిన కుంచె

(బౌద్ధం నడిచిన దారి: 14వ భాగం)

క్రిందటి భాగంలో చైనాలోని ఉతాయ్ కొండ దగ్గర ఆగాం. మంజుశ్రీ బోధిసత్వుడు ఆ కొండమీద ఉంటాడన్న నమ్మకంతో దక్షిణ భారతం నుంచి అంతదూరం వెళ్లిన బ్రాహ్మణ భిక్షువు బోధిసేనుడు. చైనాకు వచ్చిన జపాన్ రాయబారులు రమ్మని బతిమాలితే కాదనలేక వాళ్ల ఓడ ఎక్కాడు. వెంట చంపా దేశపు భిక్షువు ఒకరు, చైనా భిక్షువు ఒకరు. 736లో ముగ్గురూ జపాన్‌లో దిగారు. బోధిసేనుడికి అప్పటికి ముప్పై రెండేళ్లు. ఆయన మళ్లీ ఈ దేశం ముఖం చూడలేదు.

తక్కిన జీవితమంతా ఆయన గడిపిన ఊరు నారా. ఒసాకా నుంచి రైల్లో గంట లోపే. చాలామంది క్యోటోలో బస చేసి, మధ్యాహ్నానికి నారా వచ్చి, జింకలతో ఫోటోలు దిగి, పెద్ద బుద్ధుడికి దణ్ణం పెట్టుకుని సాయంత్రం రైలుకి వెళ్లిపోతారు. అలా చేయకండి. నేను మార్చి మొదటి వారంలో ఒక రోజు పొద్దున్న ఎనిమిదిన్నర నుంచి రాత్రి ఎనిమిది దాకా ఆ ఊళ్లో నడిచాను. అయినా సగమే చూశాను. ఈ భాగం ఆ నడక గురించి.

కింతెత్సు నారా స్టేషను మెట్లెక్కి పైకి రాగానే ఫౌంటెన్ మధ్యలో ఒక భిక్షువు విగ్రహం కనిపిస్తుంది. పేరు గ్యోకి. ఊళ్లో ఎవరిని కలవాలన్నా ఆయన దగ్గరే నిలబడతారు. మా గైడు కూడా అక్కడే ఉంది. డెబ్బై దాటిన పెద్దావిడ, రిటైరైన స్కూలు టీచరు. ఊరు చూపించినందుకు పైసా తీసుకోని వలంటీరు గైడ్లు నారాలో ఉన్నారు. దారి ఖర్చులు మనం పెట్టుకుంటే చాలు. ఆవిడ ముందుగా నా చేత గ్యోకికి దణ్ణం పెట్టించింది. "ఊరికి పెద్దదిక్కు ఈయనే. మిగతావాళ్లు తర్వాత" అంది.

ఆ మాటలో న్యాయం ఉంది. గ్యోకి 668లో పుట్టాడు. గుళ్లో కూర్చుని మంత్రాలు చదవాల్సిన భిక్షువు జనంలో తిరుగుతూ చెరువులు తవ్వించాడు, వంతెనలు కట్టించాడు, కూలి పనికి ఊళ్లు దాటి వచ్చిన పేదలకు బస ఏర్పాటు చేశాడు. ఆయన వెనక వేలమంది నడుస్తుంటే సర్కారుకు భయం వేసింది. 717లో ఆయన పేరు పెట్టి మరీ మందలించింది. సరిగ్గా ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత, 745లో, అదే సర్కారు ఆయన్ని దేశంలోని భిక్షువులందరికీ పెద్దను చేసింది. ఎందుకంటే చక్రవర్తి ఒక పెద్ద పని తలపెట్టాడు. దానికి జనం కావాలి, జనం గ్యోకి మాట వింటారు. బోధిసేనుడు రేవులో దిగినప్పుడు ఎదురెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చింది కూడా ఈయనేనని చెబుతారు.

ఆ పెద్ద పని దగ్గరికి నడిచేలోపు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. 710లో గెమ్మెయ్ అనే రాణి ఇక్కడ హెయిజో-క్యో అనే రాజధానిని కట్టించింది. నమూనా చైనాలోని చాంగాన్: చదరంగం పటంలా వీధులు, ఉత్తరం కొసన రాజభవనం, దాని వాకిలి నుంచి దక్షిణానికి డెబ్బై మీటర్ల పైచిలుకు వెడల్పున రాజవీధి. లక్షమంది దాకా ఉండేవారని అంచనా. రాజధాని హోదా 784 వరకే నిలిచింది. రాజులు, ఉద్యోగులు, అంగళ్లవాళ్లు మూటాముల్లె సర్దుకుని వెళ్లిపోయారు. భవనాలున్న చోట వరి పండింది. అయితే ఊరికి తూర్పున, కొండల వారగా ఉన్న గుళ్లు మాత్రం కదల్లేదు. వాటి చుట్టూ మళ్లీ ఒక ఊరు పుట్టింది. ఇవాళ మనం చూసే నారా పాత రాజధానికి తూర్పు అంచు మాత్రమే. అసలు నడిబొడ్డు పడమట మైదానంలో ఉంది. దాన్ని ఇప్పటికీ తవ్వుతూనే ఉన్నారు.

పదినిమిషాలు ఎత్తుకి నడిస్తే కోఫుకుజి గుడి. ఐదంతస్తుల గోపురం 50 మీటర్లది, 1426లో తిరిగి కట్టింది. మరమ్మతుల కోసం దాని చుట్టూ పరంజా కట్టేశారు. నేను దానికోసం వెళ్లలేదు. పక్కనున్న మ్యూజియంలో చీకటి గదిలో నిలబడ్డ ఒక కుర్రవాడి కోసం వెళ్లాను.

అతని పేరు అషుర. మన అసురుడే. మూడు ముఖాలు, ఆరు చేతులు. చేతులు వెదురు రెమ్మల్లా సన్నం. ఎత్తు 153 సెంటీమీటర్లు. మన గుళ్లలో అసురుడంటే కోరలు, ఉబ్బిన కళ్లు. ఇక్కడ నిలబడ్డవాడు పదిహేనేళ్ల పిల్లవాడు. ఎదుటి ముఖంలో కనుబొమలు కొద్దిగా ముడిపడి ఉంటాయి. చేసిన తప్పు అప్పుడే తెలిసివచ్చిన పిల్లవాడు ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంటుంది. పక్క ముఖంలో కింది పెదవిని పంటితో నొక్కిపట్టాడు. 734లో, తల్లి పోయిన ఏడాదికి కోమ్యో మహారాణి చేయించిన బొమ్మల్లో ఇది ఒకటి. మట్టితో ఆకారం చేసి, దానిమీద ఉరుషి చెట్టు జిగురులో ముంచిన నారబట్ట పొరలు పొరలుగా అంటించి, ఆరాక లోపలి మట్టిని తీసేస్తారు. అందుకే ఇంత విగ్రహమూ పదిహేను కిలోలే. గుడి ఎన్నిసార్లు తగలబడిందో! ప్రతిసారీ ఒక భిక్షువు దీన్ని చంకలో పెట్టుకుని బయటికి పరిగెత్తగలిగాడు.

పక్కనే గరుడుడు, కిన్నరుడు, గంధర్వుడు. అక్కడి పలుకుబడిలో కరుర, కిన్నర, కెందత్సుబ. గరుడుడికి ముక్కు, మెడ కింద కోడికున్నట్టు ఎర్రని తోలు. మన ఊరి ఆలయాల్లో చేతులు జోడించుకుని నిలబడే ఆయన సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ బుద్ధుడికి కాపలా ఉన్నాడు. నేను పేర్లు చదువుతుంటే పెద్దావిడ ఆశ్చర్యపోయి, "మా పిల్లలకి ఈ పేర్లు నోరు తిరగవు. మీకు ఇంటి పేర్లలా ఉన్నాయే!" అంది.

దారంతా జింకలు. వెయ్యికి పైనే ఉంటాయి. కషిమ నుంచి ఒక దేవుడు తెల్ల జింకనెక్కి వచ్చి కసుగ కొండమీద వెలిశాడని కథ. అందుకని వాటి జోలికి ఎవరూ వెళ్లరు. తవుడుతో చేసిన బిళ్లలు అమ్ముతారు. బిళ్ల చూపించి ఏడిపిస్తే పొడుస్తాయి. అంతకు మించి జింకల గురించి రాయను. వాటి గురించి రాయనివాళ్లు లేరు.

పెద్ద బుద్ధుడున్న గుడి తోదైజి. దాని దక్షిణద్వారం దగ్గర మాత్రం తలెత్తి నిలబడాలి. ద్వారానికి రెండు వైపులా ఇద్దరు కాపలాదారులు, ఒక్కొక్కరు 8.4 మీటర్లు. నరాలు తేలిన పిక్కలు, గాలికి ఎగిరే కండువాలు, అన్నీ కొయ్యే. 1203లో ఉంకెయ్, కైకెయ్ అనే ఇద్దరు శిల్పులు, వాళ్ల జట్టు కలిసి 69 రోజుల్లో ముగించారు. ఒక్కో విగ్రహంలో దాదాపు మూడు వేల కొయ్యముక్కలు. వేర్వేరు వడ్రంగులు వేర్వేరు చోట చెక్కి తెచ్చి అతికారు. ఒకరి నోరు తెరిచి ఉంటుంది, ఒకరిది మూసి. తెరిచినవాడు 'అ', మూసినవాడు 'మ్'. రెండూ కలిపితే ఏమవుతుందో తెలుగువాడికి చెప్పక్కర్లేదు.

ఇక పెద్ద బుద్ధుడు.

735లో క్యుషు దీవిలో మశూచి మొదలైంది. రెండేళ్లలో దేశమంతా పాకింది. జనాభాలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా పోయారని చరిత్రకారుల అంచనా. 737లో రాజ్యం నడిపే ఫుజివర అన్నదమ్ములు నలుగురూ నెలల తేడాలో చనిపోయారు. కరువు, దానిమీద తిరుగుబాటు. షోము చక్రవర్తి కుదురుగా ఒకచోట ఉండలేక ఐదేళ్లపాటు రాజధాని ఊరూరా మార్చాడు. దేశానికి వచ్చిన కష్టం తన లోపం వల్లేనని ఆయన నమ్మాడు. 740లో కవచి ప్రాంతంలో ఒక గుళ్లో వైరోచన బుద్ధుడి విగ్రహం చూశాడు. ఊళ్లో జనం చందాలు వేసుకుని కట్టుకున్న గుడి అది. మూడేళ్ల తర్వాత, 743లో, ఆయన శాసనం వెలువడింది: దేశంలో ఉన్న రాగినంతా కరిగించైనా వైరోచనుణ్ణి పోతపోస్తాం. ఎవరైనా ఒక్క గడ్డిపోచ, ఒక్క గుప్పెడు మన్ను తెచ్చి చేయి వేస్తామంటే అడ్డు చెప్పవద్దు. అధికారులు ఈ పని పేరు చెప్పి జనాన్ని పీడించి వసూలు చేయకూడదు.

గడ్డిపోచ, గుప్పెడు మన్ను. ఈ రెండు మాటలూ మనసులో పెట్టుకోండి. ముందుముందు పనికొస్తాయి.

747లో పోత మొదలైంది. ముందు బంకమట్టితో బుద్ధుడి ఆకారం చేశారు. దానిమీద అచ్చు తీసి, అచ్చుకీ మట్టికీ మధ్య కంచు పోశారు. ఒక్కసారిగా కాదు, కింది నుంచి పైకి ఎనిమిది వరసలుగా. ఒక వరస పూర్తికాగానే చుట్టూ మట్టికట్ట పోసి, కొలుములు దానిమీదికి ఎక్కించి, పై వరస పోశారు. చివరికి బుద్ధుడు ఒక మట్టికొండలో పూడిపోయాడు. 749లో తల పోయడం ముగిశాక ఆ కొండను తవ్వి తీశారు. పట్టిన రాగి సుమారు 500 టన్నులు, తగరం ఎనిమిదిన్నర టన్నులు. మొత్తం పనికి 26 లక్షల పైచిలుకు మంది వచ్చారని గుడి చిట్టాలో ఉంది; ఒకే మనిషి పదిసార్లు వస్తే పదిగా లెక్కవేసి ఉండవచ్చు. రాగి ఎక్కడిది? 1988లో గుడి పడమటి వైపు తవ్వినప్పుడు దొరికిన కంచు ముద్దల్లో ఆర్సెనిక్ పాలు ఎక్కువగా తేలింది. అదే పోలిక యమగుచిలోని నగనొబోరి గనిలో రాగికి ఉంది.

పైన పూయడానికి బంగారం లేదు. జపాన్‌లో బంగారం దొరుకుతుందనే అప్పటికి ఎవరికీ తెలియదు. 749లో ఉత్తరాన ముత్సు నుంచి కబురొచ్చింది, బంగారం పడిందని. షోము సంబరానికి అంతులేదు. ఆ ఏటికి శకం పేరే మార్చేశాడు. ఆ బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్దచేసి కంచుమీద రుద్ది, నిప్పుసెగ చూపిస్తే పాదరసం ఆవిరైపోయి బంగారం అంటుకుంటుంది. చిట్టా ప్రకారం బంగారం 440 కిలోలు, పాదరసం రెండున్నర టన్నులు. ఆ రెండున్నర టన్నులూ ఆవిరై ఎక్కడికి పోయి ఉంటుంది? పని చేసినవాళ్ల ఊపిరితిత్తుల్లోకి కొంతైనా పోకుండా ఉండదు. బుద్ధుడి ఎదుట దణ్ణం పెట్టేటప్పుడు ఆ పేరులేని పూతపనివాళ్లని కూడా తలుచుకోవాలి.

752, నాలుగో నెల తొమ్మిదో రోజు. విగ్రహానికి కన్ను తెరిచే పండగ. మన దగ్గర ప్రతిష్ఠలో నేత్రోన్మీలనం ఉంటుందే, అదే. పదివేలమంది భిక్షువులు వచ్చారు. చైనా, కొరియా, చంపా దేశాల ఆటపాటలు సాగాయి. కుంచె పట్టి కనుపాప దిద్దాల్సింది చక్రవర్తి పదవి వదిలి సన్యాసం పుచ్చుకున్న షోము. ఆరోగ్యం బాగాలేదు. తన బదులు ఆయన ఎంచుకున్నది దైఆన్‌జి గుళ్లో ఉంటున్న బోధిసేనుణ్ణి. బోధిసేనుడు పైకెక్కి కుంచె పట్టాడు. కుంచెకి నీలిరంగు పట్టుదారం కట్టి కిందికి వదిలారు. షోము, కోమ్యో, అప్పటికి సింహాసనం మీదున్న వాళ్ల కూతురు కోకెన్, పెద్దలు, భిక్షువులు ఆ దారాలు పట్టుకుని నిలబడ్డారు. దారం పట్టుకున్న ప్రతి చేయీ ఆ కన్ను దిద్దినట్టే.

గ్యోకి ఈ పండగ చూడలేదు. మూడేళ్ల ముందే, 749లో, పోయాడు.

ఇంత చదివాక మీరు లోపలికెళ్లి 15 మీటర్ల విగ్రహం ముందు నిలబడి, బోధిసేనుడు దిద్దిన కళ్లు ఇవేనా అని చూస్తారు. నేనూ అలాగే చూశాను. పెద్దావిడ మెల్లగా నా మోచేయి పట్టుకుని పక్కకి తిప్పింది. "ఆ తల 1690ల నాటిదండీ. పాతది కావాలంటే కిందికి చూడాలి" అంది.

855లో భూకంపానికి తల ఊడి పడింది, అతికారు. 1180 చలికాలంలో తైర వంశపు సేనలు నారాని తగలబెట్టాయి. విగ్రహమున్న మండపం పై అంతస్తులోకెక్కి దాక్కున్నవాళ్లు వెయ్యిమందికి పైగా మాడిపోయారని యుద్ధగాథ చెబుతుంది. బుద్ధుడి తలా చేతులూ కరిగి కిందపడ్డాయి. చోగెన్ అనే అరవై ఏళ్లు దాటిన భిక్షువు ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు. చైనా నుంచి వచ్చిన పోతపనివాడు చెన్ హెచింగ్ విగ్రహం అతికాడు. 1185లో మళ్లీ కన్ను తెరిచారు. కుంచె మాత్రం భాండాగారంలో దాచిన బోధిసేనుడి కుంచే. 1567లో మళ్లీ యుద్ధం, మళ్లీ మంట. ఈసారి మండపం కట్టే నాథుడు లేడు. తలకి రాగిరేకులు చుట్టి వదిలేశారు. దశాబ్దాల తరబడి బుద్ధుడు ఎండకి ఎండి వానకి తడిశాడు.

అప్పుడొచ్చాడు కోకెయ్. పదమూడేళ్ల వయసులో వానలో గొడుగు పట్టుకుని తోదైజికి వచ్చి, నాకు గొడుగుంది, బుద్ధుడికి లేదే అని ఏడ్చాడని కథ. 1684లో చందాలు ఎత్తడానికి సర్కారు అనుమతి దొరికింది. ఆయన అడిగిందేమిటి? ఒక్క కాగితం, అర పైసా. అంతకన్నా ఎక్కువ ఇవ్వలేనివాళ్లు అదే ఇవ్వండి. షోము అడిగిన గడ్డిపోచ, గుప్పెడు మన్ను తొమ్మిది వందల ఏళ్ల తర్వాత ఇలా తిరిగొచ్చాయి. 1692లో కొత్త తలకి కన్ను తెరిచారు. మండపం పూర్తయింది 1709లో. కోకెయ్ 1705లోనే పోయాడు.

ఆ మండపంలో స్తంభాల దగ్గరికి వెళ్లి చూడండి. చుట్టూ ఇనుప పట్టీలు, మేకులు కనిపిస్తాయి. ఒక్క మానుతో స్తంభం నిలబెట్టేంత పెద్ద చెట్లు అప్పటికి దేశంలో లేవు. చిన్న దూలాలు చేర్చి బిగించి స్తంభం చేశారు. డబ్బు, కలప రెండూ చాలక 86 మీటర్లున్న వెడల్పును 57కి తగ్గించారు. అలా తగ్గించి కట్టిందే ఇప్పటికీ ప్రపంచంలో ఉన్న అతి పెద్ద కొయ్య కట్టడాల్లో ఒకటి.

పెద్దావిడ కిందికి చూడమంది పీఠం తామరరేకుల్ని. షోము కాలం నాటివిగా మిగిలినవాటిలో ఇవి ముఖ్యం. కంచుమీద వెంట్రుకంత గీతలతో లోకాలు చెక్కారు. పైన బుద్ధుడు, చుట్టూ బోధిసత్వులు, కింద వరసలు వరసలుగా లోకాలు, అడుగున సముద్రం. ఒక్కో రేకులో అదే చిత్రం. ఒక్కొక్క రేణువులో కోటి లోకాలు, ప్రతి లోకంలో ఒక బుద్ధుడు, అందరికీ మూలం నడుమ కూర్చున్న వైరోచనుడు అన్న ఊహకి కంచులో రూపం అది. ఆ ఊహ చెప్పేది అవతంసక సూత్రం. జపాన్‌లో దాన్ని కెగోన్ అంటారు. తోదైజి ఆ శాఖకే మూలపీఠం.

ఆ సూత్రంలో చివరి భాగం గండవ్యూహం. అందులో కథానాయకుడు సుధనుడు, ఒక శ్రేష్ఠి కొడుకు. వాళ్ల ఊరి తూర్పున తోపులో, ఒక చైత్యం దగ్గర మంజుశ్రీ విడిది చేస్తే అక్కడికి వెళ్లి దారి అడుగుతాడు. మంజుశ్రీ అతన్ని దక్షిణానికి పంపుతాడు. సుధనుడు యాభైమందికి పైగా గురువుల దగ్గరికి నడుస్తాడు. వాళ్లలో భిక్షువులున్నారు, రాజులున్నారు, అత్తరు అమ్మేవాడు, ఓడ నడిపేవాడు, వేశ్య, చిన్నపిల్లలు ఉన్నారు. ద్రవిడ దేశంలో అక్షరాలు నేర్పే పంతులు కూడా ఒకరున్నాడు. సుధనుడి ఊరి పేరు ధాన్యాకరం. చాలామంది పండితులు దాన్ని మన ధాన్యకటకమనే, అంటే అమరావతి పక్కనున్న ధరణికోట అనే గుర్తిస్తారు. జపాన్‌వాళ్లకి సుధనుడు జెంజాయ్ దోజి. అతని ప్రయాణమంతా బొమ్మలు వేసిన పన్నెండో శతాబ్దపు చుట్ట ఒకటి తోదైజి దగ్గరుంది. కృష్ణ ఒడ్డున బయల్దేరిన కుర్రవాడు వెతుక్కుంటూ పోయిన వైరోచన లోకాన్ని ఆ రేకులమీద గీసిపెట్టారన్నమాట. నేను అక్కడి నుంచి కదలడానికి చాలాసేపు పట్టింది.

మండపం బయట వాకిలి పక్కన ఎర్ర టోపీ పెట్టుకున్న కొయ్య ముసలాయన ఉంటాడు, బింజురు. పిండోల భారద్వాజుడనే అర్హతుడు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు ఆయన మోకాలు తడిమి తమ మోకాలు తడుముకుంటారు. పెద్దావిడా తడిమింది, నేనూ తడిమాను.

వెనకవైపు పావుగంట నడకలో షోసోయిన్. తాళం వేసిన కొయ్య భాండాగారం. నేలనుంచి రెండున్నర మీటర్లకు పైగా ఎత్తులో, మూలల్లో దూలాలు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టింది. బయటినుంచే చూడాలి. 756లో షోము పోయిన 49వ రోజున కోమ్యో ఆయన వస్తువులు ఆరువందలకు పైగా బుద్ధుడికి సమర్పించింది. ఆ తర్వాత చేరినవాటితో కలిపి ఇప్పుడు తొమ్మిది వేల దాకా ఉన్నాయి. చక్రవర్తి అనుమతి లేనిదే తలుపు ముద్ర తీయరు. ఇప్పుడు వస్తువులన్నీ పక్కనే కాంక్రీటు గదుల్లోకి మార్చారు. ఏటా శరదృతువులో కొన్నింటిని నారా జాతీయ మ్యూజియంలో ప్రదర్శిస్తారు.

ఆ వస్తువుల్లో బోధిసేనుడు పట్టిన కుంచె ఉంది. ఆ నీలి పట్టుదారం ఉంది, ఉండచుట్టి. పండగనాడు ఆడిన గిగకు నాటకపు ముసుగులు ఉన్నాయి. వాటిలో ఒకటి గరుడుడు, ఇంకొకటి బ్రాహ్మడు. నన్ను ఎక్కువగా కదిలించింది మందుల జాబితా. కోమ్యో సమర్పించిన మందులు అరవై రకాలు. జబ్బుపడ్డవాళ్లకి అవసరమైతే తీసి ఇవ్వమని రాసిపెట్టింది. ఆ అరవైలో మిరియాలు, పిప్పళ్లు, కరక్కాయ, ఉసిరి ఉన్నాయి. కరక్కాయని వాళ్లు కరిరొకు అంటారు, మన హరీతకే. మా అమ్మమ్మ దగ్గుకి కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమని ఇచ్చేది. అదే కాయ ఓడలెక్కి, పన్నెండు వందల డెబ్బై ఏళ్ల కిందట ఒక మహారాణి చేతుల మీదుగా ఈ కొయ్య గదిలోకి వచ్చి చేరింది.

మధ్యాహ్నం నారామచిలో భోజనం. టీ నీళ్లలో వండిన పల్చటి జావ, చాగయు. నంజుకోడానికి సారా మడ్డిలో ఊరేసిన దోసకాయ. ఎండాకాలం మజ్జిగన్నం తిన్నంత తేలిగ్గా ఉంది. ఆ పేటంతా ఒకప్పటి గాంగోజి గుడి ఆవరణ. గుడి చిన్నదైపోయి ఇళ్లు లోపలికొచ్చాయి. మిగిలిన మండపం కప్పు చూడండి: కొన్ని పెంకులు నల్లన, కొన్ని గోధుమ రంగు, కొన్ని ఎర్రన. రాజధాని నారాకి మారినప్పుడు పాత ఊరు అసుక నుంచి గుడితో పాటు మోసుకొచ్చిన పెంకులు కొన్ని అక్కడ ఇంకా వాన కాస్తున్నాయి.

జావ తాగుతూ పెద్దావిడ తన బడి రోజుల సంగతి చెప్పింది. ఒకటో తరగతి పిల్లలకి అక్షరాలు ఎలా నేర్పేవారని అడిగాను. వేళ్లు మడుస్తూ పాడినట్టు చెప్పింది: అ, ఇ, ఉ, ఎ, ఒ. తర్వాత వరసలు: క, స, త, న, హ, మ, య, ర, వ. నేను మన వరస చెప్పాను: క, చ, ట, త, ప, య, ర, ల, వ. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. స ఉన్నచోట మన చ, హ ఉన్నచోట మన ప. వాళ్ల భాషలో హ వరస ఒకప్పుడు ప గానే పలికేవారు. సంస్కృత మంత్రాల కోసం సిద్ధం లిపి నేర్చుకున్న భిక్షువులు ఆ అచ్చుల క్రమం, హల్లుల క్రమం తమ భాషకి కూడా వాడుకున్నారు. అందుకే జపాన్ నిఘంటువు ఇవాళ్టికీ ఆ వరసలోనే ఉంటుంది.

బస్సులో దైఆన్‌జికి వెళ్లాం. యాత్రికులు లేరు. ఒకప్పుడు ఏడంతస్తుల గోపురాలు రెండు నిలబడ్డ మహావిహారం. 1017 మంటల తర్వాత కోలుకోలేదు. ఇప్పుడు ఒక చిన్న గుడి, వెదురు తోపు, పొలాల పక్కన గోపురాల పునాది దిబ్బలు. బోధిసేనుడు ఇక్కడ ఇరవై నాలుగేళ్లు ఉన్నాడు. 760లో, పడమటి వైపు తిరిగి చేతులు జోడించి ప్రాణం వదిలాడని ఆయన శిష్యుడు రాసిపెట్టాడు. ఊరికి పడమట తొమి కొండమీద ర్యోసెన్‌జిలో ఆయన సమాధి అని చూపే చోటు ఉంది. ఆ కొండ గృధ్రకూటంలా ఉందని ఆయనే అన్నాడని ఆ గుడివాళ్లు చెప్పుకుంటారు. నాకు అక్కడికి వెళ్లే పొద్దు చాల్లేదు.

చీకటి పడేసరికి మళ్లీ తోదైజికి, అక్కడి నిగత్సుదో దగ్గరికి. కొండవాలున కట్టిన మండపం, ముందుకి చొచ్చుకొచ్చిన కొయ్య వసారా. మార్చి 1 నుంచి 14 వరకు ఇక్కడ పదకొండుమంది భిక్షువులు లోకం తరఫున తప్పులు ఒప్పుకుని క్షమాపణ వేడుకుంటారు. 752లో, కన్ను తెరిచిన ఏడాదే, ఈ వ్రతం మొదలైంది. ఏడు గంటలకి దీపాలార్పేశారు. గంట మోగింది. ఆరేడు మీటర్ల వెదురు బొంగుకి కొసన కట్టిన కాగడాను ఒక మనిషి భుజాన మోసుకుంటూ మెట్లెక్కి, వసారా చివర నిలబెట్టి ఊపాడు. నిప్పురవ్వలు జలజలా రాలాయి. అలా పది కాగడాలు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. పెద్దావిడ వంగి ఆరిపోయిన బొగ్గుముక్క ఒకటి ఏరి, కాగితంలో మడిచి నా చేతిలో పెట్టింది. "ఇంట్లో పెట్టుకోండి, మంచిది" అంది. 1667లో వ్రతం మధ్యలోనే ఈ మండపం కాలిపోయింది. రెండేళ్లలో తిరిగి కట్టారు. 1945లో బాంబులు పడుతున్నా వ్రతం జరిగింది. 2021లో మహమ్మారి మధ్య జరిగింది 1270వది. ఒక్క ఏడాదీ తప్పలేదు.

ఆ మెట్లమీద కూర్చుంటే నాకు మన అమరావతి మహాచైత్యం గుర్తొచ్చింది. 1797లో కర్నల్ మెకెంజీ చూసేనాటికే దాన్ని తవ్విపోస్తున్నారు. కొన్ని సున్నపురాతి పలకలు లండన్‌లో ఉన్నాయి, కొన్ని చెన్నైలో. కొన్ని సున్నపు బట్టీల్లో కాలిపోయాయి. ధాన్యకటకం పేరు మోస్తున్న సుధనుడి బొమ్మ మాత్రం నారాలో భద్రంగా ఉంది.

నారా వెళ్లాలనుకునేవాళ్లకి నా మనవి ఒక్కటే. టికెట్టు కొనుక్కునే ముందు ఒక ఆదివారం అమరావతి వెళ్లండి. చైత్యం దిబ్బ చుట్టూ ఒకసారి ప్రదక్షిణగా నడవండి, పక్కనున్న మ్యూజియం చూడండి. అక్కడి నుంచి ధరణికోట దగ్గరే.

(వచ్చే భాగంలో: ఐదుసార్లు ప్రయత్నం విఫలమైనా ఆరోసారి ఓడెక్కి, చూపు పోయిన కళ్లతో నారాకి చేరిన గాంజిన్)